కాలువ వేళ, కరెంటు వేళ

ఓరుగల్లుకు నది లేదు. రాజధానులకు ఏటియొడ్డు వెదకుకొనుట లోకములో వాడుక. కాకతీయులు మాత్రము గోదావరికిని కృష్ణకును నడుమ నున్న మిట్టనేలను ఎన్నుకొనిరి. ఇచ్చట కురిసిన వాననీరు కొంత ఉత్తరముగా గోదావరివైపునకు, కొంత దక్షిణముగా కృష్ణవైపునకు జారిపోవును. అట్లు జారిపోవు నీటిని ఆపుటకే పాకాల, రామప్ప, లక్నవరము వంటి చెరువులు వెలసినవి. ఏడు శతాబ్దములు దాటినను వాటి క్రింద నేటికిని వరి పండుచున్నది. ఏటూరునాగారము ప్రక్కనుండి గోదావరి ప్రవహించుచున్నమాట నిజమే. కాని ఆ నీరు పల్లమున నున్నది, పొలములు మెరకన నున్నవి.

చెరువునీటికి కూడ ఒక వేళాపట్టిక యుండెడిది. అది కాగితముపై వ్రాసినది కాదు, నీరడికాని తలలో నుండెడిది. ఏనాడు తూము ఎత్తవలెను, ఎవరి మడికి ముందు, ఎవరి మడికి వెనుక, మత్తడి దూకిన యేడు ఎన్ని ఎకరములు నాటవచ్చును, సగము నిండిన యేడు ఎవరు నాటు మానుకొనవలెను అను లెక్కలన్నియు అతనివే. ఆ లెక్క ఎంత కష్టమైనదైనను అతనికి ఒక సౌలభ్యముండెడిది. నీటిని అడుగువాడు ఒక్కడే, రైతు. ఇరువదవ శతాబ్దములో రెండవవాడు వచ్చి నిలచినాడు. వాడు టర్బైను. వానికి నీరు త్రాగు గుణము లేదు, నీటి బరువు మాత్రము కావలెను. ఎంత నీరు లోనికి పోవునో అంత నీరును బయటికి వచ్చును. అట్లైనచో తగవెక్కడ? నీరు ఎంత యనుచోట తగవు లేదు. ఎప్పుడు వదలవలెను, ఏ దిక్కుకు వదలవలెను అనుచోటనే తగవంతయు.

ఈ ప్రాంతమునకు నేడు నదిలేని లోటు తీర్చుచున్నది కాకతీయ కాలువ. నిజామాబాదు జిల్లా పోచంపాడు వద్ద గోదావరిపై నిర్మించు ఆనకట్టకు 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినారు. అదే నేటి శ్రీరామసాగరము. పూర్తి నీటిమట్టము 1,091 అడుగులు. మొదట 112 టి.ఎం.సి.ల నీరు నిలుచునని లెక్కించినారు. పూడిక చేరగా చేరగా ఇటీవలి సర్వేలలో ఆ సంఖ్య 80కి దిగినది. అనగా ఆనకట్ట ఎత్తు తగ్గలేదు, గేట్లు తగ్గలేదు, కడుపు మాత్రము పూడిపోయినది. ఈ జలాశయమునుండి బయలుదేరిన కాకతీయ కాలువ 146 కిలోమీటర్లు సాగి కరీంనగరు వద్ద దిగువ మానేరు జలాశయములో చేరును. అచ్చటినుండి మరల బయలుదేరి హనుమకొండ సమీపముగా వరంగల్లు పొలములలోనికి వచ్చును. 284వ కిలోమీటరువరకు మొదటి దశ. రెండవ దశ దానిని ఇంకను దక్షిణమునకు తీసికొనిపోయినది. గోదావరినీరు మిట్ట దాటి కృష్ణాపరీవాహకములోని చేలకు పారుట ఈ కాలువ చేసిన చిత్రము. కాకతీయులు చూచియుండినచో సంతోషించెడివారే.

పోచంపాడులో విద్యుత్కేంద్రమును కట్టిన చోటు గమనింపదగినది. సాధారణముగా ఆనకట్ట క్రింద, నదిగర్భము ప్రక్కన కట్టుదురు. ఇచ్చట కాకతీయ కాలువ తలవద్ద కట్టినారు. ఒక్కొక్కటి 9 మెగావాట్ల చొప్పున నాలుగు యంత్రములు, మొత్తము 36 మెగావాట్లు. జలాశయమునుండి కాలువకు దిగు నీరు దారిలో టర్బైనులను త్రిప్పి పోవును. కాలువకు నీరు వదలిననాడు కరెంటు పుట్టును, కాలువ కట్టిననాడు యంత్రములు నిద్రించును. భారీవరదలు వచ్చి ఆనకట్ట నిండినప్పుడు మాత్రము, పొలములకు అక్కరలేని నీటిని కూడ యంత్రములగుండ పంపి ఎస్కేప్ గేట్లనుండి నదిలోనికి మరలింతురు. ఎట్లును సముద్రమునకు పోవలసిన నీరే కనుక ఎవరికిని నష్టము లేదు. తక్కిన దినములన్నిటను వ్యవసాయము యజమాని, విద్యుత్తు వెంట వచ్చు అతిథి. రెండింటి తగవును తీర్చుటకు ఇచ్చట కమిటీ అక్కరలేకపోయినది. కట్టడమున్న చోటే తీర్పు చెప్పినది.

విద్యార్థులు కాగితముపై చేసి చూడదగిన లెక్క ఒకటి యున్నది. ఒక టి.ఎం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2 కోట్ల 83 లక్షల ఘనపు మీటర్లు. సెకనుకు 11,574 ఘనపుటడుగుల చొప్పున ఒక పగలు, ఒక రాత్రి పారినచో ఒక టి.ఎం.సి. అగును. కాకతీయ కాలువకు 8 వేల క్యూసెక్కులు వదలినారనుకొన్నచో, రోజుకు ఇంచుమించు మూడింట రెండు వంతుల టి.ఎం.సి. పోవుచున్నదన్నమాట. ఆ దినమంతయు 36 మెగావాట్లు నిండుగా నడచినచో పుట్టు కరెంటు 8 లక్షల 64 వేల యూనిట్లు. ఏ క్షణమున చూచినను అది 5 అశ్వశక్తి వ్యవసాయపు మోటార్లను సుమారు ఎనిమిది వేలు త్రిప్పగలదు. నీరు తాను పారుచునే, తాను చేరలేని మెరకపొలములోని బావినీటిని పైకి తోడుటకు బలమిచ్చుచున్నది.

కాని ఈ యిద్దరి గడియారములు ఒకటి కావు. విద్యుత్తుకు దినమే ప్రమాణము. సాయంకాలము దీపములు వెలుగు వేళ, వంటయిండ్లలో పనులు సాగు వేళ గిరాకి ఒక్కసారిగా పెరుగును. చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రము వంటి బొగ్గుకేంద్రమును అట్లు క్షణములలో ఎక్కించి దింపుట కష్టము. జలవిద్యుత్తు నిమిషములలో లేచి నిమిషములలో పండుకొనును. అందువలన విద్యుచ్ఛాఖ నీటిని పగలు దాచి సాయంత్రము వదలగోరును. వ్యవసాయమునకు ఋతువే ప్రమాణము. కాలువ గంటగంటకు పొంగి తగ్గుట దానికి సరిపడదు. నీటిమట్టము హఠాత్తుగా దిగినచో నానిన కాలువగట్లు జారిపడును. మట్టము చాలనప్పుడు ఉపకాలువల తూములకు నీరందదు. అందనప్పుడు ముందుగా ఎండునవి చివరిభూములే.

దూరము కూడ లెక్కలోనిదే. సెకనుకు ఒక మీటరు వేగముతో నీరు ఎచ్చటను ఆగక నడచినను 284 కిలోమీటర్లు దాటుటకు మూడు రోజులకు పైగా పట్టును. పోచంపాడులో సోమవారము తీసిన తీర్మానము వరంగల్లు చేనులో గురువారమునకు గాని తడి కాదు. ఈ చిక్కును కొంత విడదీయునది దిగువ మానేరు. దాదాపు 24 టి.ఎం.సి.ల నీటిని పట్టు ఈ జలాశయము కాలువకు నడుమ కడవవలె కూర్చున్నది. పైనుండి నీరు ఏ గంటకు ఎంత వచ్చినను అది తనలో పట్టి, క్రిందికి నిలకడగా విడువగలదు. ఎగువ ఆనకట్టకు కరెంటు గడియారము, దిగువ ఆనకట్టకు పంట గడియారము కట్టవచ్చునన్నమాట. ఇంజనీర్లు దీనిని సమతుల్య జలాశయమందురు. ఆ పేరు దీనికి తగియున్నది.

వానకాలము పంటకు ఆకాశము కొంత తోడుండును. అసలు పరీక్ష యాసంగిలో. వరదలు తగ్గిన పిమ్మట జలాశయములలో నిలచిన నీరెంత, త్రాగునీటికి తీసియుంచవలసినదెంత, ఎండకు ఆవిరియై పోవునదెంత అని చూచి, మిగిలినదానిని పంచవలెను. తెలంగాణమునందు ఈ పని చేయు రాష్ట్రస్థాయి సంఘమును పత్రికలు 'స్కివం కమిటీ' యని వ్రాయుచుండును. ఒక టి.ఎం.సి. నీటితో వరియైనచో ఇంచుమించు 6 వేల ఎకరములు, ఆరుతడి పంటలైనచో 10 వేల ఎకరములు పండునని పంపకమునకు వాడు మోటులెక్క. దానినిబట్టి ఏ కాలువక్రింద ఎన్ని ఎకరములకు ఎన్ని తడులు అను పట్టిక తయారగును. శ్రీరామసాగరము క్రింద యాసంగిలో 'ఆన్ ఆఫ్' పద్ధతి వాడుకలో నున్నది. కొన్ని దినములు నీరిచ్చి, కొన్ని దినములు ఆపి, మరల నిత్తురు.

ఈ పద్ధతిని రైతు ఇష్టపడునా యనుట ఆతని పొలమెక్కడ నున్నదను దానినిబట్టి యుండును. తలవైపు రైతుకు ఆన్ ఆఫ్ ఒక ఆటంకము. అతడు ఎప్పుడైనను మడవ త్రిప్పుకొనగలడు. చివరివైపు రైతుకు అదే ప్రాణము. వంతు లేనిచో నీరు అతనివరకు రానే రాదు. వరి పొట్టదశలో నున్నప్పుడు ఒక తడి తప్పినచో గింజ తాలుగా మారును. మార్చి నెలలో ఆ ఒక్క తడికై వరంగల్లు, మహబూబాబాదు ప్రాంతములలో రైతులు రాత్రులు కాలువగట్టున పడిగాపులు కాయుట, తూములవద్ద మాటలు పెరుగుట క్రొత్త సంగతి కాదు. లస్కరు ఉద్యోగము చిన్నదే గాని ఆ వారములో జిల్లాలో అంతకంటె కష్టమైన ఉద్యోగము వేరొకటి లేదు. 2015లో శ్రీరామసాగరమునకు చాలినంత వరద రానేలేదు. అప్పుడు పట్టికయే లేకపోయినది, పంచుటకు నీరుండినగదా!

ఇంతవరకు నీరు, కరెంటు రెండును రెండు పక్షములుగా చెప్పబడినవి. వరంగల్లులో నిలచి చూచినచో ఆ విభాగమే సరియైనది కాదని తోచును. కాలువ అందని జనగామ మెరకలలో, నర్సంపేట, పర్వతగిరి చేలలో పైరును బ్రతికించునది మోటారు. ఏనుమాముల మార్కెట్టునకు ఎర్రగా కుప్పలు పోసికొని వచ్చు మిరపలో పెక్కుభాగము బావినీటి పంటయే. 2018 జనవరి 1 నుండి తెలంగాణమున వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు అమలునకు వచ్చినది. ఇక గోదావరినీటిని ఏటూరునాగారము చెంతనుండి అంచెలంచెలుగా పైకెత్తి హనుమకొండ దగ్గరి ధర్మసాగరమునకును, ఆపై జనగామ వైపునకును చేర్చు దేవాదుల ఎత్తిపోతల పథకము సర్వమును కరెంటే. ఒక టి.ఎం.సి. నీరు నూరు మీటర్లు దిగినచో, యంత్రముల నష్టము పోగా, సుమారు 69 లక్షల యూనిట్లు పుట్టును. అదే నీటిని నూరు మీటర్లు ఎత్తుటకు పంపుల నష్టము కలుపుకొని 90 లక్షలకు పైగా వలయును. ఎక్కించుటకు ఖర్చు హెచ్చు, దించుటకు రాబడి తక్కువ. కనుక 'నీరు కరెంటుకా, సేద్యమునకా?' అని అడిగినప్పుడు, ఆ కరెంటు పోయి ఎచ్చట నీరు తోడుచున్నదని కూడ అడుగవలెను. వరంగల్లు జిల్లాలో కరెంటు సగము సేద్యమే.

ఆ కరెంటులో కొంత కృష్ణానదినుండి వచ్చును. శ్రీశైలము కథ పోచంపాడు కథకు తలక్రిందులు. ఆ ఆనకట్టకు శంకుస్థాపన జరిగినదికూడ 1963 జూలైలోనే, పోచంపాడుకు రెండు దినముల ముందు. అది మొదట విద్యుత్తు కొరకే ఆమోదము పొందినది. కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్లు. విద్యుత్కేంద్రముల నీరు నదిలోనికే దిగి నాగార్జునసాగరమును చేరును. కాలక్రమమున రాయలసీమకు, మదరాసుకు నీరిచ్చు పోతిరెడ్డిపాడు తూములు దాని కడుపునుండి వెలసినవి. పూర్తిమట్టము 885 అడుగులు కాగా, 854 అడుగులకు దిగువన పోతిరెడ్డిపాడునుండి తగినంత నీరు పారదు. విద్యుత్కేంద్రములు అంతకంటె చాల దిగువమట్టమువరకు నడువగలవు. చిక్కంతయు ఈ అడుగులలోనే యున్నది. జలాశయము నిండుటకు ముందే యంత్రములు త్రిప్పినచో ఆ నీరు వ్యర్థము కాదు, క్రింద సాగరములో చేరి నల్లగొండకో, పల్నాటికో పారును. కాని కర్నూలు రైతు ముందర మట్టము దిగిపోవును. పైకి ఇది సేద్యమునకు విద్యుత్తునకు మధ్య తగవువలె కనబడును. లోపల ఇద్దరు రైతుల నడిమి తగవు.

2021 జూన్ చివర తెలంగాణ ప్రభుత్వము శ్రీశైలమున జలవిద్యుదుత్పత్తిని పూర్తిస్థాయిలో చేపట్టినప్పుడు ఈ తగవు బహిరంగమైనది. ఎత్తిపోతలకు కరెంటు కావలెనని, ప్రాజెక్టు పుట్టినదే విద్యుత్తు కొరకని ఒక రాష్ట్రము వాదించినది. మట్టము పడిపోయి త్రాగునీటికి, సేద్యమునకు ముప్పు కలుగుచున్నదని రెండవ రాష్ట్రము వాదించినది. రెండు వాదములలోను నీరెండిన రైతు ఉన్నాడు. 2014 నాటి పునర్విభజన చట్టము పదునొకండవ షెడ్యూలులో ఒక వరుస వ్రాసిపెట్టినది: విద్యుత్తునకు, సేద్యమునకు పోటీ వచ్చినచో సేద్యము ముందు, సేద్యమునకు, త్రాగునీటికి పోటీ వచ్చినచో త్రాగునీరు ముందు. వరుస మంచిదే. కాని అది ఎవరు ముందో చెప్పును గాని, ఏ తేదీన ఎంత మట్టముండవలెనో చెప్పదు. ఎత్తిపోతల మోటారు త్రిప్పు కరెంటును ఏ గడిలో వ్రాయవలెనో అంతకంటె చెప్పదు.

ఇట్టి తగవు తెలుగుదేశమునకే ప్రత్యేకము కాదు. కృష్ణకు ఉపనదియైన కొయినా నీటిని మహారాష్ట్రము సహ్యాద్రి పడమటి వాలుననుండి దూకించి విద్యుత్తు తీయుచున్నది. దూకుడు గొప్పదే, కాని ఆ నీరు అరేబియా సముద్రముపాలగును, కృష్ణకు మరల రాదు. అందుకే బచావత్ న్యాయాధికరణము కొయినానుండి పడమటికి మరల్చు నీటికి ఏడాదికి 67.5 టి.ఎం.సి.ల హద్దు గీచినది. మధ్య ఆసియాలో నరీన్ నదిపైనున్న తోక్తొగుల్ జలాశయము కథ మరింత చిత్రమైనది. దాదాపు 690 టి.ఎం.సి.లు పట్టు ఆ జలాశయము సోవియట్ యూనియన్ ఉన్నంతకాలము వేసవిలో నీరు వదలి దిగువ ప్రత్తిచేలను తడిపెడిది. ఎగువవారికి చలికాలమునకు బొగ్గు, గ్యాసు దిగువనుండి వచ్చెడివి. 1991లో ఆ రాజ్యము విడిపోయినది. ఇంధనము ఆగిపోగా కిర్గిజ్ ప్రజలు చలి కాచుకొనుటకు శీతకాలమున నీరు వదలి కరెంటు తీయసాగినారు. దిగువన శీతకాలమున ముంపు, వేసవిన కరవు. 1998 మార్చిలో ఆ దేశములు ఒక ఒడంబడిక చేసికొన్నవి. వేసవిలో నీరు వదలినందుకు బదులుగా చలికాలమున ఇంధనమో, విద్యుత్తో ఇచ్చుట దాని సారాంశము. అమలులో అది ఏటేటా తడబడినదే గాని, తర్కము సరియైనది. నీటిని నిలిపియుంచుట కూడ ఒక సేవయే, దానికి వెల కట్టవలెనని అది ఒప్పుకొన్నది.

ఇంజనీర్ల చేతిలో ఇందుకు ఒక పాత సాధనమున్నది. ఏడాదిలో ఏ తేదీకి జలాశయములో కనీసమెంత, గరిష్ఠమెంత నీరుండవలెనో చూపు గీత అది. రూల్ కర్వ్ అందురు. గీతకు పైన నీరున్నచో కరెంటుకు స్వేచ్ఛ, క్రింద నున్నచో సేద్యమునకు మాత్రమే, మరింత క్రింద నున్నచో త్రాగునీటికి మాత్రమే. వరదకాలమున రానున్న నీటికి చోటు విడువవలసిన సంగతికూడ అందులోనే చేరును. గీత గీయుట కష్టము కాదు. వానలు రాకముందే, ఎవరికి లాభమో తెలియకముందే, దానికి అందరును సమ్మతించుట కష్టము. పూడికవలన పాత గీతలు చెల్లకుండ పోవుచుండును కూడ. శ్రీశైలమునందును 308 టి.ఎం.సి.లు 215కు దిగినవి. పాతికేండ్లనాటి గీతను పట్టుకొని నేటి నీటిని పంచుట, పెరిగిన పిల్లవానికి పాతచొక్కా తొడుగుటవంటిది.

తేదీలపై సమ్మతి కుదురుటకు ఒక ఉదాహరణ శ్రీరామసాగరమునకు ఎగువననే యున్నది. మహారాష్ట్ర నిర్మించిన బాబ్లీ బ్యారేజీపై 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. ఏటేట జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు బాబ్లీ గేట్లు ఎత్తియుంచవలెను. మార్చి 1న 0.6 టి.ఎం.సి. నీటిని దిగువకు విడువవలెను. ఆ తీర్పు నచ్చనివారు ఇరువైపుల నున్నారు. కాని ఏటా ఆ దినమున ఇరు రాష్ట్రముల ఇంజనీర్లు వచ్చి నిలచి గేట్లు ఎత్తుదురు, దించుదురు. తేదీ వ్రాసియుండుటవలన ఆనాటికి క్రొత్తగా వాదింపవలసినది మిగులదు.

ఇటీవల ఎండనుండి పుట్టు విద్యుత్తు ఈ గడియారములను మరల కదపినది. పట్టపగలు కరెంటు సమృద్ధి, ప్రొద్దు క్రుంకగనే కొరత. శ్రీశైలము ఎడమగట్టు యంత్రములు రెండువైపుల తిరుగగలవి. మధ్యాహ్నపు మిగులు కరెంటుతో దిగువనీటిని మరల పైకి తోడి, సాయంకాలము దానినే దించి కరెంటు తీయవచ్చును. ఆ నీరు జలాశయమునకు మరల వచ్చునదే కనుక కర్నూలు రైతుకును భయము లేదు. దేవాదుల పంపులను కూడ, నదిలో నీరున్నంతకాలము, ఎండవేళలకు అమర్చుకొనగలిగినచో ఖర్చు కలిసివచ్చును. ధర్మసాగరము నిండుట పగలైననేమి, రాత్రియైననేమి. పోచంపాడులో మాత్రము మార్పుకు చోటు తక్కువ. యాసంగి చివరితడి వరంగల్లు చేరి, ఏప్రిలులో కాకతీయ కాలువ తూములు దించినతోడనే అచ్చటి నాలుగు యంత్రములును ఆగిపోవును. అటుపిమ్మట వరదనీరు వచ్చి కాలువ తెరచువరకు వాటికి పని యుండదు.